రక్తాన్ని ఆపిన వేలు: అబుల్ ఖాసిం జహ్రావీ

వైద్యశాస్త్రానికి ముస్లిం పండితులు చేసిన సేవ ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా మనం ఇబ్నె సీనా పేరు చెప్పుకుంటాం. ఆయన కాలంలోనే జీవించిన మరో మహావైద్యుణ్ణి ఈ వారం గుర్తు చేసుకుందాం. ఆయనే అబుల్ ఖాసిం అల్ జహ్రావీ.

జహ్రావీ క్రీ.శ. 936 ప్రాంతంలో స్పెయిన్‌లోని ఖుర్తుబా, అంటే నేటి కార్డోబా నగరం దగ్గర మదీనతుజ్జహ్రాలో జన్మించారు. ఆ ఊరి పేరే ఆయన పేరయింది. దీర్ఘకాలం వైద్యం చేసి, క్రీ.శ. 1000 ప్రాంతంలో 'కితాబుత్తస్రీఫ్' అనే 30 భాగాల గ్రంథాన్ని పూర్తి చేశారు. చివరి భాగాన్ని శస్త్రచికిత్సకే కేటాయించి, సుమారు 200 పరికరాల బొమ్మలు పొందుపరిచారు.

ఆ భాగం ఆరంభంలో ఆయన తాను కళ్లారా చూసిన ఒక విషాదాన్ని రాశారు. పని తెలియని వైద్యుడొకడు ఒక స్త్రీ మెడ మీది కణితిని కోస్తూ రక్తనాళాలను తెగగోశాడు. రక్తం ఆగక ఆమె అతని చేతుల్లోనే ప్రాణం విడిచింది. శరీర నిర్మాణం తెలియనివాడు కత్తి పట్టరాదని జహ్రావీ తన శిష్యులను బిడ్డలుగా సంబోధిస్తూ హెచ్చరించారు.

ధమని తెగి రక్తం చిమ్మితే ఆపడానికి ఆయన నాలుగు మార్గాలు చూపారు. కాల్చడం ఒకటి. సగం తెగిన నాళాన్ని పూర్తిగా కోయడం రెండోది. అప్పుడు దాని కొసలు ముడుచుకుంటాయి. గట్టి దారంతో ముడి వేయడం మూడోది. మందు పెట్టి బిగుతుగా కట్టు కట్టడం నాలుగోది. ఫ్రెంచి వైద్యుడు ఆంబ్రోయిజ్ పారే యుద్ధరంగంలో కాలు తొలగించి దారంతో నాళాన్ని ముడివేసింది 1552లో. జహ్రావీ ఆ ముడిని అయిదు శతాబ్దాల ముందే రాసిపెట్టారు.

అంతకంటే గొప్పదిగా మాకు తోచేది వేరొకటుంది. వైద్యుడూ మందూ దొరకని మనిషిని కూడా ఆయన మరచిపోలేదు. తెగిన నాళం మీద చూపుడువేలు పెట్టి గట్టిగా అదమాలని, చల్లని నీళ్లు పోస్తూ రక్తం గడ్డకట్టేదాకా వేలు తీయరాదని బోధించారు.

నేటి ప్రథమ చికిత్సలో కాల్చడం లేదు, నీళ్లు పోయడమూ లేదు. అదిమిపట్టడం మాత్రం అలాగే నిలిచింది. శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద పెట్టి రెండు చేతులతో నొక్కాలి. మాటిమాటికీ తీసి చూడరాదు. గుడ్డ తడిస్తే దానిపైనే మరొకటి వేయాలి. గుచ్చుకున్న వస్తువును లాగరాదు. దాని చుట్టూ నొక్కాలి. ఆసుపత్రికి చేరేదాకా పట్టు సడలించరాదు.

జహ్రావీ 1013 ప్రాంతంలో కన్నుమూశారు. 12వ శతాబ్దంలో ఆయన శస్త్రచికిత్స భాగం లాటిన్‌లోకి వెళ్లి, ఐరోపా వైద్యులకు శతాబ్దాల పాటు పాఠ్యగ్రంథమయింది. ఆయన పేరు చెప్పుకుని గర్వపడితే చాలదు. పొలంలో కొడవలి తెగినా, రోడ్డు మీద ప్రమాదం జరిగినా మొదట చేరేది మన చెయ్యే. ఆ చేతికి ఈ పని ఈరోజే నేర్పుదాం.