బడిపిల్లల బాంధవి మార్గరెట్ మెక్‌మిలన్

శరీరం వ్యాధిగ్రస్తమైనప్పుడు విద్య ఒంటబట్టదు. ఈ సత్యాన్ని ఇంగ్లండు ప్రభుత్వం గుర్తించేటట్లు పాటుపడిన వారిలో అగ్రగణ్యురాలు మార్గరెట్ మెక్‌మిలన్.

ఆమె 1860లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో స్కాట్లండు దంపతులకు జన్మించింది. 1865లో తండ్రినీ, ఒక సోదరినీ మృత్యువు కబళించింది. తల్లి మిగిలిన కుమార్తెలు రేచల్, మార్గరెట్‌లతో స్కాట్లండులోని ఇన్వర్‌నెస్ చేరుకున్నది. స్కార్లెట్ జ్వరం మార్గరెట్ వినికిడిని హరించింది. పదునాలుగవ ఏటగాని అది తిరిగి రాలేదు.

1893లో ఆమె ఉన్ని మిల్లులకు ప్రసిద్ధి చెందిన బ్రాడ్‌ఫర్డ్‌కు వెళ్లి, మరుసటి ఏడే అక్కడి పాఠశాలల పాలకమండలికి ఎన్నికయింది. ఆ ఊరి పిల్లలలో కొందరు సగంపూట మిల్లులో, సగంపూట బడిలో గడిపేవారు. ఆకలి, పేలు, గజ్జి, పుచ్చిన పండ్లు వారికి నిత్యానుభవాలు. పాఠశాలల వైద్యాధికారి జేమ్స్ కెర్‌తో కలిసి ఆమె ఆ పిల్లలకు వైద్యపరీక్షలు జరిపించింది. 1897లో అక్కడి ఒక బడిలో స్నానశాల కూడా వెలసింది.

1899-1902 నాటి బోయర్ యుద్ధంలో, సైన్యంలో చేరవచ్చిన యువకులనేకులు దేహదార్ఢ్యం లేక తిరస్కరింపబడ్డారు. అప్పుడుగాని పాలకులు కన్ను తెరవలేదు. 1906 చట్టం బీద పిల్లలకు బడిలో భోజనం పెట్టే వీలు కల్పించింది. 1907 చట్టం వైద్య తనిఖీని తప్పనిసరి చేసింది. ఈ చట్టాల వెనుక మార్గరెట్ కృషి ఎంతో ఉన్నది.

అయితే వ్యాధి పేరు రిజిస్టరులో వ్రాసినంత మాత్రాన నయం కాదు. ఆ చట్టం తనిఖీని విధిగా, చికిత్సను ఐచ్ఛికంగా ఉంచింది. డాక్టరు ఫీజు ఇచ్చుకోలేని తల్లి బిడ్డను ఎక్కడికి తీసుకొనిపోగలదు? మార్గరెట్ లండన్‌లోని బౌ ప్రాంతంలో 1908లో, డెట్‌ఫర్డ్‌లో 1910లో బడిపిల్లల చికిత్సాలయాలను నెలకొల్పింది. నయమైన పిల్లలు ఇరుకిళ్లకు పోయి, అవే జబ్బులతో తిరిగి వచ్చేవారు. గాలీ వెలుతురూ లేని బ్రతుకే రోగానికి మూలమని అక్కచెల్లెళ్లిద్దరూ గ్రహించారు. పిల్లలు ఆరుబయట నిద్రించే రాత్రి శిబిరాన్ని, 1914లో పసివారికి ఆరుబయలు శిశువిద్యాలయాన్ని ప్రారంభించారు.

1917లో రేచల్ మరణించింది. 1918 విద్యాచట్టం ప్రాథమిక పాఠశాలల పిల్లలకు చికిత్స ఏర్పాటును కూడా విధిగా మార్చింది. 1930లో అక్క పేరిట ఉపాధ్యాయ శిక్షణ కళాశాలను స్థాపించిన మార్గరెట్ 1931లో కన్నుమూసింది.

రేపు ఉపాధ్యాయులు కానున్న విద్యార్థులు ఆమె జీవితం నుండి నేర్వవలసినది ఒకటున్నది. వెనుకబడిన పిల్లవానిని మందమతి అనే ముందు, వానికి పాఠం వినబడుతున్నదా, నల్లబల్ల కనబడుతున్నదా, ఉదయం ఏమైనా తిన్నాడా అని విచారించాలి. విచారించి ఊరుకొనక, చేతనైన సాయం చేయాలి.