విప్పి చూసిన మనిషి: జి.డి. నాయుడు

మన కాలేజీలో కార్ల పిచ్చోళ్లకి కొదవ లేదు. స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ పేరెత్తితే చాలు, క్యాంటీన్‌లో టీ చల్లారిపోతుంది గానీ చర్చ చల్లారదు. 2017లో మన దేశానికి వచ్చిన ఆ టర్బో సెడాన్ కంపెనీ నుంచే 230 హార్స్‌పవర్‌తో వచ్చింది. అయినా మనోళ్లకి అది చాలదు. స్టేజ్ వన్ ట్యూనింగ్‌కి ఎంత పెరుగుతుంది, స్టేజ్ టూకి ఎంత, ఏ ఊళ్లో చేస్తారు... ఇదే గోల.

తెలియని జూనియర్ల కోసం రెండు ముక్కలు. ఇంజన్ నుంచి వృథాగా పోయే వేడి పొగతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీదున్న రెండో చక్రంతో గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపేదే టర్బో. ఎంత గాలి నొక్కాలి, ఎంత పెట్రోల్ చిమ్మాలి, స్పార్క్ ఏ క్షణంలో ఇవ్వాలి అనే లెక్కలన్నీ ఈసీయూ అనే చిన్న కంప్యూటర్‌లో ఉంటాయి. బయటి ట్యూనర్ ఆ లెక్కల్ని తిరగరాస్తాడు. స్టేజ్ వన్ అంటే సాఫ్ట్‌వేర్ ఒక్కటే. స్టేజ్ టూ అంటే పొగ గొట్టం, గాలి లోపలికొచ్చే దారి లాంటివి కూడా మార్చడం.

చిక్కెక్కడంటే, చలిదేశం వాతావరణానికి, అక్కడి పెట్రోల్‌కి రాసిన మ్యాప్ మే నెలలో ఒంగోలు హైవే మీద అలాగే పనిచేయదు. లోపలికెళ్లే గాలి బాగా వేడెక్కితే, మంట చేరకముందే పెట్రోల్ మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. దాన్నే నాకింగ్ అంటాం. మితిమీరితే పిస్టన్‌కే ఎసరు. ఏ ఫైలు ఎక్కించాలో మనలో పదిమందికి తెలుసు. ఆ ఫైల్లో ఏముందో చెప్పమంటే మాత్రం నీళ్లు నములుతాం.

అందుకే ఈసారి మన పత్రికలో ఒక పెద్దాయన గురించి రాయాలనిపించింది. వందేళ్ల కిందట, ఇంజన్‌ని ముందు విప్పి ఆ తర్వాతే దాని గురించి మాట్లాడిన మనిషి. ఊరు కోయంబత్తూరు దగ్గరైనా, ఇంట్లో మాట్లాడే భాష తెలుగే.

మూడో తరగతి, మూడు వందల రూపాయలు

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. విజయనగర కాలంలోనూ ఆ తర్వాతా తెలుగు నేల నుంచి దక్షిణానికి తరలిపోయిన రైతు కుటుంబాల సంతతి ఆయనది. వాళ్లు వెళ్లి స్థిరపడిన చోటు కూడా మన పర్చూరు, చిలకలూరిపేటల్లాగే నల్లరేగడి, పత్తి పండే నేల. పసితనంలోనే తల్లి పోయింది. బడికి పంపితే మూడో తరగతి దాటలేదు. పంతుళ్ల మీద ఇసుక చల్లే రకం అని చెప్పుకుంటారు. అలాగని చదువు మానలేదు. దొరికిన పుస్తకమల్లా సొంతంగా చదువుకున్నారు.

ఒకరోజు ఆ పల్లె దారిన ఒక బ్రిటిష్ అధికారి మోటార్ సైకిల్ మీద వచ్చాడు. ఎద్దూ లేదు, గుర్రమూ లేదు, బండి తనంతట తాను పోతోంది! ఆ కుర్రాడికి ఇక నిద్ర పట్టలేదు. పొలం వదిలి కోయంబత్తూరు వెళ్లి ఒక హోటల్లో సర్వర్‌గా చేరాడు. దాదాపు మూడేళ్లు టిఫిన్లు అందించి మూడు వందల రూపాయలు కూడబెట్టాడు. ఆ డబ్బుతో మోటార్ సైకిల్ కొన్నాడు.

కొని ఏం చేశాడనేదే అసలు సంగతి. ఊరంతా ఝామ్మని తిరగడం కాదు, బండిని మొత్తం విప్పేశాడు. ఏ ముక్క ఎక్కడిదో చూసుకుని మళ్లీ బిగించాడు. మాన్యువల్ లేదు, వీడియో లేదు, చెప్పేవాడూ లేడు. మూడేళ్ల కష్టార్జితాన్ని నట్లూ బోల్టులుగా నేల మీద పరుచుకోవడానికి ఎంత గుండె కావాలో ఒక్కసారి ఊహించండి. తిరిగి బిగిస్తే స్టార్ట్ అవుతుందన్న గ్యారంటీ ఏమీ లేదు. ఆయన జీవితం మొత్తం మీద మెకానిక్‌గా తీసుకున్న డిగ్రీ ఏదైనా ఉందంటే, అది ఇదే.

పత్తి ముంచింది, బస్సు తేల్చింది

మోటార్ల దాకా వెళ్లేముందు మధ్యలో పత్తి కథ ఒకటుంది. మనకి బాగా అర్థమయ్యే కథ. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో తిరుప్పూరులో పత్తి జిన్నింగ్‌లో దిగి బాగానే సంపాదించారు. ఆ ఊపులో బొంబాయి వెళ్లి పెద్ద పత్తి వ్యాపారంలో చేతులు పెట్టారు. అక్కడి ఆటగాళ్ల ముందు నిలవలేకపోయారు. డబ్బంతా పోయింది. ధర ఎక్కడో బొంబాయిలో తేలుతుంది, నష్టం ఇక్కడ ఇంటికొస్తుంది. గుంటూరు జిల్లాలో పత్తి వేసిన ఏ ఇంట్లో అడిగినా ఈ బాధ గురించి మీకు పాఠం చెబుతారు.

చేతిలో డబ్బు లేదుగానీ చేతుల్లో పని ఉంది. కోయంబత్తూరులో స్టేన్స్ అనే ఆంగ్లేయ వ్యాపారి ఆయన పనితనాన్ని నమ్మి, కొంత అప్పుగా పెట్టి ఒక బస్సు ఇప్పించాడు. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి ఆ బస్సు నడిచింది. డ్రైవరు ఆయనే, రిపేరు చేసేదీ ఆయనే. అప్పట్లో బండీ విడిభాగాలూ ఓడల మీదే రావాలి. దారిలో ఏదైనా విరిగితే ఇంగ్లండుకి ఉత్తరం రాసి కూర్చోలేం కదా. ఉన్నదాంతో నడిపించాలి, లేనిది చేసుకోవాలి.

ఆ ఒక్క బస్సు యూఎంఎస్ అనే సంస్థ అయింది. యూనివర్సల్ మోటార్ సర్వీస్ అన్నమాట. 1933 నాటికి 280 బస్సులు. దేశంలోనే మంచి పేరున్న రవాణా సంస్థల్లో అదొకటి. అన్ని బండ్లు నడపాలంటే పక్కనే వర్క్‌షాపు కావాలి. వర్క్‌షాపు ఉంటే పని నేర్చిన కుర్రాళ్లు తయారవుతారు. కోయంబత్తూరు ఊరు ఊరంతా ఇవాళ పంపులు, మోటార్లు, ఆటో పార్టులు అంటోందంటే, దాని పునాదుల్లో ఇలాంటి షెడ్లు ఉన్నాయి.

మన బోరు మీద ఆయన నీడ

1937లో నాయుడు గారు, డి. బాలసుందరం నాయుడుతో కలిసి ఎలక్ట్రిక్ మోటార్ తయారు చేశారు. మన దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటార్‌గా దానికి పేరు. బాలసుందరం ఆ తర్వాత టెక్స్‌టూల్ కంపెనీ పెట్టారు. క్రమంగా కోయంబత్తూరు మోటార్లు, పంపులు దేశమంతా పాకాయి. వేసవిలో ప్రకాశం జిల్లా మెట్ట చేలకి వెళ్లి, మిర్చి తోటకి నీళ్లు తోడుతున్న మోటారు మీది ప్లేటు చదవండి. టెక్స్‌మో అనో సీఆర్‌ఐ అనో ఉంటే అది కోయంబత్తూరు సరుకే. అవి నాయుడు గారి కంపెనీలు కావు, కానీ ఆ ఊరికి ఆ దారి వేసిన తొలివాళ్లలో ఆయనొకరు.

ఆ రోజుల్లోనే యూరప్ వెళ్లారు. మెడలో కెమెరా ఉండాల్సిందే. 1936లో లండన్‌లో ఐదో జార్జి అంత్యక్రియల్ని ఫిల్ము తీశారు. జర్మనీలో చిన్న మోటారుతో నడిచే ఎలక్ట్రిక్ రేజర్ తయారు చేయించి మార్కెట్‌లోకి తెచ్చారు. పల్చటి షేవింగ్ బ్లేడ్లు, పళ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాన్, మోసానికి వీల్లేని ఓటింగ్ యంత్రం... జాబితా పెద్దదే. 1941లో ఐదు వాల్వుల రేడియోని 70 రూపాయలకి ఇవ్వగలనన్నారు. పొలాన్నీ వదల్లేదు. నడుము దాకా పెరిగే పత్తి మొక్కని మనిషిని మించిన ఎత్తుకి పెంచి చూపించారు. అది కూడా ఒకరకం ట్యూనింగే కదా!

నాలుగేళ్ల గొడవ

ఇక మనకి సూటిగా తగిలే ఘట్టం. 1945లో ఆయన ఇచ్చిన విరాళంతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. అప్పటి మద్రాసు గవర్నర్ పేరది. ఇవాళ దాన్నే గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అంటున్నాం. అవినాశి రోడ్డులో హోప్ కాలేజ్ అనే స్టాపు ఇప్పటికీ ఉంది. మూడో తరగతి చదివిన మనిషి దానికి మొదటి ప్రిన్సిపాల్!

ఎక్కువ కాలం లేరు. ఇంజనీరింగ్‌కి నాలుగేళ్లు దండగ, రెండేళ్లు చాలన్నది ఆయన వాదన. మిగతా కాలం కుర్రాళ్లు షెడ్డులో ఉండాలి. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన తప్పుకున్నారు. అంతటితో ఆగకుండా రేడియో, ఆటోమొబైల్ పనుల్లో తక్కువ కాలపు శిక్షణలు నడిపారు.

ఈ వాదనని మొత్తంగా ఒప్పుకోవాలని నేననను. టర్బో ఇంజన్‌ని నిజంగా ట్యూన్ చేయాలంటే థర్మోడైనమిక్స్ కావాలి, కంట్రోల్ సిస్టమ్స్ కావాలి, లెక్కలు కావాలి. అవి రెంచీతో రావు. కానీ ఎదురు ప్రశ్న కూడా వేసుకోవాలి. నాలుగేళ్లు చదివి, ఐసీ ఇంజన్స్ ల్యాబ్‌లో రికార్డు పక్కవాడిది చూసి రాసి, ఒక్క హెడ్ గాస్కెట్ కూడా చేత్తో తీయకుండా డిగ్రీ పట్టుకెళ్లేవాళ్లు ఎంతమంది? ఆయన రెండేళ్ల లెక్క తప్పు కావచ్చు, ఆయనకి వచ్చిన అనుమానం మాత్రం తప్పు కాదు.

సుత్తి దెబ్బ

1952లో ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోల్ కారు తయారు చేశారు. ధర రెండు వేల రూపాయలు అవుతుందన్నారు. తయారీకి ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. ఏ వస్తువు ఎవరు ఎంత తయారు చేయాలో ఢిల్లీ తేల్చే రోజులవి. పన్నుల మీదా ఆయనకి పెద్ద పోరాటమే నడిచింది. చివరికి 1950ల్లో కోపం పట్టలేక, తను చేసిన రేడియోలూ యంత్రాలూ జనం ముందే పగలగొట్టించారు.

ఈ భాగం చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఆయన కోపం న్యాయమైనదే అయి ఉండొచ్చు. కానీ సర్కారుకి ఆ సుత్తి దెబ్బ తగల్లేదు. తగిలింది ఎవరికంటే, ఆ రేడియోని ఇంటికి తీసుకెళ్లి విప్పి చూసి ఉండే ఏదో పల్లెటూరి కుర్రాడికి. విప్పి నేర్చుకున్న మనిషే, ఇంకొకరు విప్పాల్సిన వస్తువుల్ని ముక్కలు చేశారు. ఆయన జీవితంలో నాకు నచ్చని పని ఇదొక్కటే.

నేటి మనకీ చట్టంతో పేచీ ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. వారంటీ పోతుంది, ఇన్సూరెన్స్ వాళ్లు అడ్డం తిరుగుతారు. దీన్నీ నాయుడు గారి కష్టాన్నీ ఒకే గాట కట్టలేం. ఆయన్ని ఆపింది కొత్త కారు చేయనివ్వని రూలు. మనల్ని ఆపేది బ్రేకులు, పొగ, ఎదురొచ్చే మనిషి ప్రాణం చూసుకోమనే రూలు. రోడ్డు మీద కాకుండా ట్రాక్ మీద ఆడుకోవాలంటే దానికీ కోయంబత్తూరే దారి చూపింది. చెట్టిపాళయంలో కారి మోటార్ స్పీడ్‌వే ఉంది. 2005లో మన దేశం నుంచి మొదటిసారి ఫార్ములా వన్‌లో దిగిన నారాయణ్ కార్తికేయన్‌దీ కోయంబత్తూరే.

నాయుడు గారు 1974 జనవరి 4న కన్నుమూశారు. అవినాశి రోడ్డులో ఆయన పేరిట ప్రదర్శనశాల ఉంది. 2015లో కుటుంబం కార్ల మ్యూజియం కూడా తెరిచింది. 2025లో అదే రోడ్డు మీద కట్టిన పది కిలోమీటర్ల ఫ్లైఓవర్‌కి ఆయన పేరే పెట్టారు. ఇండస్ట్రియల్ టూర్ అంటే ఊటీ ఒక్కటే అనుకునే మన బ్యాచ్‌లు, ఈసారి దారిలో ఒక పూట అక్కడ ఆగితే బాగుంటుంది.

అంతదాకా ఆగలేనివాళ్లకి దగ్గరి దారి ఒకటుంది. గుంటూరు ఆటోనగర్‌లో అడిగి చూడండి, పాత మారుతి 800 ఇంజన్ దొరక్కపోదు. మూడు సిలిండర్లు, 796 సీసీ, టర్బో లేదు, భయపడాల్సిందీ లేదు. నలుగురు కలిసి కొని, పాత ఫ్లెక్సీ ఒకటి పరిచి, ప్రతి ముక్కకీ నంబరు రాసుకుంటూ విప్పండి. మళ్లీ బిగించండి. చివర్లో రెండు బోల్టులు మిగిలిపోతే అవి ఎక్కడివో కనిపెట్టేదాకా మళ్లీ విప్పండి. ఆక్టేవియా ఫైలు సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.