సాగర చిత్రకారుడు ఐవజోవ్‌స్కీ

పేదయింట బుట్టిన బాలుని ప్రజ్ఞను గుర్తించి ఆదుకొనుట యెంతటి పుణ్యకార్యమో, ఆ సాయము పొందినవాడు తన యూరి ఋణము దీర్చుకొనుట యెంతటి ధర్మమో ఈ మహనీయుని చరిత్రము వలన తెలియగలదు. విద్యార్థులకు చేయూత నొసంగు మన పోషకులకు ఇది ప్రీతికరమగునని తలంచి సంగ్రహముగా వ్రాయుచున్నాము.

నల్లసముద్ర తీరమున, క్రిమియా ద్వీపకల్పమందలి ఫియొదోసియా పట్టణమున, 1817వ సంవత్సరమున ఇవాన్ ఐవజోవ్‌స్కీ జన్మించెను. తండ్రి ఆర్మీనియను వర్తకుడు. వ్యాపారము చెడి కుటుంబము లేమికి లోనయ్యెను. బాలుడు బొగ్గుతో సున్నపు గోడలపై బొమ్మలు వ్రాయుచుండెడివాడని చెప్పుదురు. ఆ పట్టణపు వాస్తుశిల్పియగు కోహ్ ఆ నేర్పును గనిపెట్టి ప్రోత్సహించెను. అధికారియగు కజ్నచేయెవ్ ప్రాపున బాలుని చదువు సాగెను. 1833లో ప్రభుత్వ వ్యయముతో పీటర్సుబర్గు కళాపరిషత్తున జేరి, 1837లో స్వర్ణపతకమును బడసెను. 1840లో ఇటలీకేగి యూరపు ఖండమంతట కీర్తి గాంచెను. 1844లో స్వదేశమునకు మరలివచ్చి రష్యా నౌకాదళపు చిత్రకారుడుగా నియమితుడయ్యెను.

తైలవర్ణములతో సముద్రమును ఉన్నదున్నట్లు చిత్రించుట మిక్కిలి కష్టము. కొండ కదలదు, చెట్టు నిలిచియుండును. అల మాత్రము చూచుచుండగనే మాయమగును. కావున ఐవజోవ్‌స్కీ తీరమున పెన్సిలుతో కొలది గీతలు మాత్రము గీచికొని, తక్కినదంతయు చిత్రశాలలో జ్ఞాపకము నుండియే రచించెడివాడు. పలుచని వర్ణములను పొరమీద పొరగా బూయుటచే, కెరటపు కొననుండి వెలుతురు దూరివచ్చినట్లు తోచును. 1850లో రచించిన "తొమ్మిదవ కెరటము" సుమారు 7 అడుగుల యెత్తు, 11 అడుగుల వెడల్పు గల పటము. రాత్రి తుపాను గడచి సూర్యుడుదయించుచుండ, విరిగిన ఓడకొయ్యను బట్టుకొని ప్రాణములు నిలుపుకొనుచున్న కొందరు అందు గాన్పింతురు. ఆతడు తన జీవితకాలమున రచించిన చిత్రములు సుమారు 6,000 అని లెక్క.

ఇంతటి ప్రఖ్యాతి వచ్చినను ఆతడు రాజధానిలో స్థిరపడక, పుట్టినయూరనే గృహము గట్టుకొనెను. 1865లో అచట చిత్రకళాశాలను నెలకొల్పెను. 1880లో తన చిత్రములకు ప్రదర్శనశాలను దెరచి, తుదకు దానిని పట్టణమునకే వ్రాసియిచ్చెను. ఆ యూర త్రాగునీటికి కటకట. తన భూమిలోని ఊటనుండి దినమునకు 50,000 బాల్చీల నీటిని శాశ్వతముగా దానము చేయగా, 1888లో గొట్టముల ద్వారా ఆ నీరు పట్టణమునకు జేరెను. 1900లో, ఓడ ప్రేలిపోవు దృశ్యమును చిత్రించుచు, అది ముగియకమునుపే ఆతడు దివంగతుడయ్యెను.

మన కుటుంబములలోను బొమ్మలు వ్రాయు బాలురును బాలికలును గలరు. కులవృత్తికిని ఉద్యోగమునకును అక్కరకురాని విద్యయని కసరి, ఆ చేతులను ఆపివేయుట మనలో తరచు జరుగుచున్నది. కోహ్ కూడ అట్లే తలచియుండిన, ప్రపంచమునకు ఆ చిత్రములును లేవు, ఫియొదోసియాకు ఆ నీరును లేదు. మన సహాయనిధి వైద్య యంత్రవిద్యలతో నిలిచిపోక, లలితకళల నభ్యసించువారికిని కొంత భాగము కేటాయించుట యుక్తమని మా విన్నపము. దానివలన కలుగు మేలు మన తరమున గానరాకున్నను మన బిడ్డల తరమున తప్పక గానవచ్చును.