మోటారు శిల్పి జీన్ బుగాటీ

కాలిఫోర్నియా రాష్ట్రంలో పసిఫిక్ మహాసముద్రపు ఒడ్డున పెబుల్ బీచ్ అనే చోట 1950లో ఒక మోటారుకార్ల ప్రదర్శన ఆరంభమైనది. పాతకాలపు కార్లకు అది ఈనాడు లోకప్రసిద్ధమైన వేదిక. సముద్రానికి ఎదురుగా ఉన్న పచ్చిక మైదానంలో కార్లను వరుసలు తీర్చి నిలబెడతారు. న్యాయనిర్ణేతలు ఒక్కొక్క కారు చుట్టూ తిరిగి, పైరంగు మొదలు చిన్న మరమేకు వరకు పరీక్షిస్తారు. కర్మాగారం నుంచి వెలువడిన నాటి రూపం ఎంతవరకు నిలిచి ఉన్నది, మధ్యకాలంలో ఏయే మార్పులు జరిగినవి అని విచారిస్తారు. చివరకు ఒక్క కారును మాత్రం యావత్తు ప్రదర్శనలో ఉత్తమమైనదిగా ఎన్నుకుంటారు. 1990లోను, మరల 2003లోను ఆ గౌరవం బుగాటీ అట్లాంటిక్ కార్లకే దక్కింది. ఆ రెండు సంవత్సరాలలో గెలిచినవి వేరువేరు కార్లు. కాని రెండూ ఒకే తల్లి బిడ్డలు.

ఆ కారును మొదటిసారి చూచినవారికి ముందుగా ఆశ్చర్యం కలిగించేది దాని వెన్ను. ముందుభాగం నుంచి పైకప్పు మీదుగా తోకవరకు చేప వీపుమీది రెక్కవలె ఒక అంచు నిక్కి ఉంటుంది. ఆ అంచు పొడుగునా వరుసగా రివెట్లు బిగించి ఉంటాయి. చక్రాలను కప్పే మడ్‌గార్డుల మీద కూడ అటువంటి అంచులే కనిపిస్తాయి. చూచినవారు అది అలంకారమనుకుంటారు. కాని అది పుట్టినది అలంకారంగా కాదు. దాని కథ తెలియాలంటే, ఆ రూపాన్ని కల్పించి, ముప్పయి ఏండ్లకే కన్నుమూసిన ఒక యువకుని జీవితం తెలుసుకోవాలి.

అతని పేరు జీన్ బుగాటీ. 1909 జనవరి 15వ తేదీన జర్మనీలోని కొలోన్ నగరంలో జన్మించాడు. వారి కుటుంబం ఇటలీ దేశపు మిలాన్ నగరానికి చెందినది; తరతరాలుగా కళలకు నిలయమైనది. తాత కార్లో బుగాటీ అపురూపమైన కుర్చీలను, బల్లలను రూపొందించి యూరపు ప్రదర్శనలలో కీర్తి గడించాడు. పినతండ్రి రెంబ్రాంట్ బుగాటీ జంతువుల ప్రతిమలను కంచులో పోతపోసిన శిల్పి. తండ్రి ఎట్టోరే బుగాటీ మాత్రం చిన్నవయసులోనే యంత్రాల మీద మనసు పడి, ఇనుములోనే శిల్పాన్ని వెతుక్కున్నాడు. జీన్ పుట్టిన ఏడే ఆయన ఆల్సాస్ ప్రాంతంలోని మోల్షైమ్ పట్టణంలో సొంత కర్మాగారం స్థాపించాడు. ఆ ప్రాంతం అప్పుడు జర్మనీ ఏలుబడిలో ఉండేది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఫ్రాన్సు చేతికి వచ్చింది.

జీన్ బాల్యం ఆ కర్మాగారపు ఆవరణలోనే గడిచిందని చెప్పవచ్చు. ఇతర బాలురు బొమ్మబండ్లతో ఆడుకునే వయసులో అతడు నిజమైన యంత్రాల మధ్య తిరిగాడు. అతనికి పదిహేనేండ్లు నిండిన 1924లో తండ్రి నిర్మించిన 35వ నమూనా పందెపుకారు లియాన్ నగరంలో తొలిసారి పోటీకి దిగింది. ఆ పిమ్మట కొద్ది సంవత్సరాలలోనే ఆ జాతి కార్లు లెక్కలేనన్ని విజయాలు సాధించి, బుగాటీ పేరును దేశదేశాల వ్యాపింపజేశాయి. కొడుకు ఎదిగేనాటికి తండ్రి నీడ అంత విశాలమైపోయింది. ఆ నీడలో నిలబడి తనదైన వెలుగును వెతుక్కోవడమే జీన్ జీవితానికి పరీక్ష అయింది.

ఎట్టోరే ఆశలు కూడ మితం లేనివి. రాజులకు, మహారాజులకు తగినట్టుగా రోయాల్ అనే పేరుతో ఆయన ఒక బ్రహ్మాండమైన కారును తలపెట్టాడు. దాని ఇంజను పరిమాణం 12 లీటర్లు దాటింది. ఇరవైఐదు కార్లు చేయాలనుకున్నాడు. కాని 1929 ఆర్థికమాంద్యం వచ్చిపడి, ఆరు మాత్రమే తయారైనవి. వాటిలో ఒకదానికి జీన్ బాడీ రూపొందించాడు. అప్పటికి అతనికి ఇరవైమూడేండ్లు. కొన్న ధనికుడు రాత్రివేళ కారు నడపడు గనుక దానికి ముందు దీపాలే పెట్టలేదు. దీపాల అడ్డు లేని ఆ కారు ముందుభాగం, అలవలె లేచి పడే మడ్‌గార్డులు చూచినవారికి, యువకుని చేతిలో తాతగారి కళ తిరిగి పుట్టిందని తోచక మానదు. తరువాతి యజమాని కాలంలో ఆ బాడీని తీసివేసి, మరొక శిల్పశాలవారి బాడీ అమర్చారు. జీన్ చేసిన రూపం ఛాయాచిత్రాలలోనే మిగిలింది. కారు బ్రతికి ఉండగానే దాని రూపం మరణించగలదని ఈ ఉదాహరణ చెబుతుంది.

అమ్ముడుపోక మిగిలిన ఆ పెద్ద ఇంజన్లు వృథా కాలేదు. 1933 నుంచి వాటిని ఫ్రెంచి రైలుమార్గాల మీద నడిచే వేగవంతమైన మోటారు రైళ్లలో అమర్చారు. కర్మాగారం ఆ గడ్డుకాలాన్ని దాటడానికి అవి ఊతమైనవి.

జీన్ కేవలం బొమ్మలు గీసే కళాకారుడు కాడు, యంత్రమర్మం తెలిసినవాడు. 1929లో అమెరికా నుంచి వచ్చిన మిల్లర్ పందెపుకార్లు రెండింటిని బుగాటీలు సంపాదించారు. వాటిని విప్పి చూచి, సిలిండర్ల వరుస పైభాగాన రెండు కామ్‌షాఫ్టులు ఉండే పద్ధతిలోని మేలు గ్రహించి, తమ ఇంజన్లలోకి తెచ్చారు. ఇందులో జీన్ ప్రోత్సాహం ఎంతో ఉన్నది. 1934లో వెలువడిన 57వ నమూనా అతని ప్రతిభకు పూర్ణఫలం. ఎనిమిది సిలిండర్లు వరుసగా నిలిచిన 3.3 లీటర్ల ఇంజను అది. మొత్తంమీద సుమారు 700 కార్లు ఆ నమూనాలో తయారైనవి. దాని తొలి రూపంలో ముందుచక్రాలు దేనికది విడిగా కదిలే ఏర్పాటును జీన్ తలపెట్టాడు. తండ్రి దానికి ఒప్పుకోలేదు. తన పాతపద్ధతి ఇరుసునే వేయించాడు. ద్రవపీడనంతో పనిచేసే బ్రేకులు కూడ 1938లో గాని ఆ కార్లలోకి రాలేదు. తండ్రిమాట జవదాటకుండా, తన ఊహ చంపుకోకుండా పనిచేయడం ఎంత కష్టమో, పెద్దవారి వద్ద పని నేర్చిన ప్రతివారికీ తెలిసినదే.

1935లో పారిస్ మోటారు ప్రదర్శనలో జీన్ ఒక వింతకారును లోకానికి చూపించాడు. దానికి ఏరోలిత్ అని పేరు. ఉల్కాశిల అని అర్థం. నీటిబిందువువలె ముందు గుండ్రమై వెనుకకు సన్నగిల్లే ఆ ఆకారం నాటి జనానికి ఆకాశం నుంచి ఊడిపడినట్లే తోచి ఉండాలి. దాని బాడీని ఎలెక్ట్రాన్ అనే మెగ్నీషియం మిశ్రమలోహంతో చేయాలని అతడు సంకల్పించాడు. అది అల్యూమినియం కంటె తేలికైనది. కాని దానిలో ఒక ప్రమాదం ఉన్నది. మెగ్నీషియం అంటుకున్నదంటే కళ్లు మిరుమిట్లు గొలిపే మంటతో మండిపోతుంది. ఈ సంగతి రసాయనశాస్త్రం చదివే విద్యార్థులకు తెలుసు. అటువంటి లోహపు రేకులను నిప్పుసెగతో వెల్డింగు చేసి అతకడం క్షేమం కాదు. అందుచేత కుడి ఎడమల రేకుల అంచులను పైకి మడిచి, ఒకదానికొకటి ఆనించి, రివెట్లతో బిగించాలి. కారు వెన్నుమీది అంచుకు పుట్టుక ఇదే. తప్పనిసరి అయిన అతుకును దాచిపెట్టే ప్రయత్నం జీన్ చేయలేదు. దానినే కారు పొడుగునా ఒక రేఖగా తీర్చి, రూపమంతటికీ ప్రాణంగా నిలిపాడు.

ఆ ప్రదర్శనకారు ఈనాడు లేదు. దాని వారసులుగా 1936, 1938 సంవత్సరాల మధ్య నాలుగు కార్లు మాత్రం తయారైనవి. వీటి ఛాసీని మామూలు 57వ నమూనా కంటె కిందికి దించారు. బాడీకి అల్యూమినియమే వాడారు. అల్యూమినియాన్ని వెల్డింగు చేయవచ్చు. అంచు అవసరం తీరిపోయింది. ఐనా జీన్ దానిని తీసివేయలేదు. అవసరం పోయిన తరువాత కూడ నిలుపుకోదగినంత అందాన్ని ఆ అతుకు సంపాదించుకున్నది. మొదట వీటిని ఏరో అని పిలిచారు. 1936 డిసెంబరులో ప్రసిద్ధ ఫ్రెంచి వైమానికుడు మెర్మోజ్ అట్లాంటిక్ సముద్రం మీద విమానంతోసహా అదృశ్యమైన పిమ్మట, అతని స్మృతికై అట్లాంటిక్ అనే పేరు వచ్చిందని చెబుతారు.

1936వ సంవత్సరం జీన్ నెత్తిన గొప్ప భారం మోపింది. ఆ ఏడు ఫ్రాన్సు అంతటా కార్మికుల సమ్మెలు చెలరేగి, మోల్షైమ్ కర్మాగారానికి కూడ వ్యాపించాయి. పనివారిని తన ఇంటి మనుషులుగా భావించుకున్న ఎట్టోరే మనసు విరిగిపోయింది. ఆయన పారిస్‌కు తరలిపోయి, అక్కడే ఎక్కువకాలం గడిపాడు. కర్మాగారపు నిర్వహణ ఇరవైఏడేండ్ల జీన్ చేతికి వచ్చింది. పనివారి నడుమ పెరిగిన యువకుడు ఆ బాధ్యతను సమర్థతతో మోశాడు. 1937లో లెమాన్ పట్టణంలో జరిగే 24 గంటల పందెంలో విమీల్, బెన్వా అనే వీరులు బుగాటీ కారుతో గెలిచారు. 1939 జూన్‌లో విమీల్, వేరాన్ అనే జంట అక్కడే మరల గెలిచి, ఒక్క పగలు, ఒక్క రాత్రిలో సుమారు 3,355 కిలోమీటర్లు పరుగు సాగించారు.

జీన్‌కు కూడ వేగమంటే ప్రాణం. కాని పెద్ద పందాలలో పాల్గొనడానికి తండ్రి ఒప్పుకోలేదు. కొడుకు ప్రాణానికి ముప్పు వస్తుందని ఆయన భయం. అందుచేత కొత్తకార్లను రోడ్లమీద నడిపి పరీక్షించడంతోనే అతడు తృప్తిపడేవాడు. 1939 ఆగస్టు 11వ తేదీ రాత్రి, లెమాన్‌లో గెలిచిన ఆ కారునే మరొక పందానికి సిద్ధం చేస్తూ, మోల్షైమ్‌కు దగ్గరలో తిన్నని రోడ్డుమీద అమితవేగంతో నడుపుతున్నాడు. ఇతరులు రాకుండా దారికి కావలి ఉంచారు. ఐనా ఒక సైకిలువాడు రోడ్డుమీదికి వచ్చాడు. అతనిని తప్పించడానికి జీన్ చక్రం తిప్పాడు. కారు చెట్టుకు కొట్టుకున్నది. జీన్ ప్రాణం పోయింది. పందెమంటే భయపడి తండ్రి కాపాడుకున్న కొడుకును ఇంటిముంగిటి బాటే బలిగొన్నది.

మూడు వారాలు తిరగకముందే రెండవ ప్రపంచయుద్ధం ఆరంభమైనది. 1940లో ఆల్సాస్ జర్మనుల వశమై, కర్మాగారం పరాధీనమైనది. కొడుకును, కర్మాగారాన్ని కూడ పోగొట్టుకున్న ఎట్టోరే 1947 ఆగస్టు 21న కన్నుమూశాడు. మోల్షైమ్ చెంతనే ఉన్న డోర్లిషైమ్‌లో తండ్రీకొడుకులు ఒకేచోట విశ్రమించి ఉన్నారు. ఆ పిమ్మట కర్మాగారం కొన్నేండ్లు కుంటుతూ నడిచి, 1963లో ఇతరుల పరమైనది.

ఇక ఆ నాలుగు కార్ల చరిత్ర. మొదటిది 1936లో ఇంగ్లండుకు చెందిన విక్టర్ రోత్‌షైల్డ్ చేతికి పోయింది. కొన్నాళ్ల తరువాత దానికి సూపర్‌ఛార్జరు, అనగా ఇంజనులోకి గాలిని ఒత్తిడితో పంపే సాధనం, అమర్చారు. అమెరికా చేరి, చేతులు మారి, 1971లో వేలంలో 59,000 డాలర్లకు అమ్ముడై అందరిని విస్మయపరచింది. కొన్న వైద్యుడు ఎన్నో సంవత్సరాల శ్రమతో దానిని 1936 నాటి రూపానికి తెచ్చాడు. 2003లో పెబుల్ బీచ్ బహుమతి దానిదే. రెండవది జీన్ తాను వాడుకున్న నల్లకారు. దానిని ఎవరికీ అమ్మలేదు. యుద్ధకాలంలో అది ఎక్కడకో పోయింది. ఈనాటికీ జాడ లేదు. మూడవది 1955లో ఫ్రాన్సులో రైలుగేటు వద్ద రైలుకింద పడి తునాతునకలైనది, అందులోనివారూ మరణించారు. మిగిలిన ముక్కలను ఏరి, ఏండ్ల తరబడి శ్రమించి, ఆ కారును తిరిగి నిలబెట్టారు. నాలుగవది 1938లో తయారైనది. వస్త్రాల రూపకర్తగా పేరొందిన రాల్ఫ్ లారెన్ దానిని సంపాదించి, పూర్తిగా బాగుచేయించి, నల్లరంగు వేయించాడు. 1990లో పెబుల్ బీచ్‌లో గెలిచినది అదే. 2012లో ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున జరిగిన ప్రదర్శనలో కూడ అదే ప్రథమస్థానం పొందింది.

రంగు మారినా, భాగాలు మారినా, ముక్కలైపోయినా యంత్రాన్ని మరల బ్రతికించవచ్చు. దానిని చేసినవానికి మాత్రం ఒక్కటే జన్మ. ఆ ఒక్క జన్మలో జీన్‌కు లభించినవి ముప్పయి సంవత్సరాలు. చేతిలోని లోహం అతుకుకు లొంగనప్పుడు అతడు పని మానలేదు, అతుకును దాచలేదు. దానినే అందంగా దిద్దాడు. చివరిక్షణంలో, ఎవరో తెలియని బాటసారి ప్రాణం అడ్డువచ్చినప్పుడు, తన వేగం కంటె ఆ ప్రాణమే గొప్పదన్నట్లు చక్రం తిప్పాడు. ప్రదర్శనశాలలో ఆ కారు వెన్నుమీది అంచును చూచేవారు మొదటి సంగతిని గుర్తుచేసుకుంటారు. రెండవ సంగతి ఏ కారుమీదా కనిపించదు, మనమే గుర్తుంచుకోవాలి.