బక్కవాడి విద్య

హాస్టల్లో నన్ను ‘పుల్ల’ అని ఏడిపించినప్పుడల్లా కానో జిగోరో గుర్తొస్తారు. 1860లో జపానులో పుట్టిన ఆయనా బక్కపలచని మనిషే. బళ్ళో దెబ్బలు తిన్నవారే. 1877లో టోక్యో యూనివర్సిటీలో చదువుకుంటూ జుజుత్సు నేర్వసాగారు. తోటి శిష్యుడు ఫుకుషిమా భారీ మనిషి. అతన్ని పడగొట్టలేక లైబ్రరీలో కుస్తీ పుస్తకాలు తిరగేశారు. చివరికి ఒంగి, భుజాలమీదికెత్తి పడేశారు. మా నాన్న వడ్లబస్తా ఎత్తేదీ అలాగే!

1882లో ఒక బౌద్ధాలయంలో, 12 చాపలంత చోటులో, కొడోకాన్ ప్రారంభించారు. అదే జూడోకు పుట్టిల్లు. ముందు ఎదుటివాడి తూకం తప్పించడమే అందులో కిటుకు. 1938లో ఓడ ప్రయాణంలో కన్నుమూశారు; 1964లో జూడో ఒలింపిక్స్‌కెక్కింది.

మిత్రులారా, నేనింకా ఎవర్నీ పడగొట్టలేదు. కాని లైబ్రరీకి మాత్రం వెళ్తున్నాను.