గులాబీ కుటుంబం – కార్ల్ లిన్నేయస్

తోటలోని గులాబీకి, పండ్ల బజారులోని ఆపిల్‌కు, పాయసంలో వేసే బాదంపప్పుకు చుట్టరికం ఉందంటే వింతగా తోచవచ్చు. ఇక్కడ బాదం అన్నది మన వీధులలో గొడుగువలె కొమ్మలు చాచే బాదంచెట్టు కాదు. అది వేరొక కుటుంబానికి చెందినది. పేర్లను బట్టి, చెట్టు ఆకారాన్ని బట్టి ఇటువంటి బంధుత్వాలు తేలవు. పువ్వును విప్పి చూడాలి, పండును కోసి చూడాలి. ఈ పరిశీలనను ఐరోపా విద్యార్థిలోకానికి అలవాటు చేసినవారిలో అగ్రగణ్యుడు కార్ల్ లిన్నేయస్.

ఆయన 1707 మే 23న దక్షిణ స్వీడన్‌లోని రాషుల్ట్ అనే పల్లెలో జన్మించాడు. తండ్రి నిల్స్ క్రైస్తవ మతాచార్యుడు, తోటపనిపై మక్కువ గలవాడు. కుమారుడు కూడా మతాచార్యుడు కావాలని ఆయన ఆశించాడు. కాని పిల్లవాని మనస్సు మొక్కల మీదనే నిలిచింది. రోత్‌మన్ అనే ఉపాధ్యాయుడు ఆ సంగతి గ్రహించి, తండ్రికి నచ్చజెప్పి, అతనిని వైద్యవిద్యకు మళ్ళించాడు. ఆనాడు మందులలో అధికభాగం మొక్కల నుండి తయారయ్యేవి కనుక వైద్యునికి వృక్షశాస్త్రం తప్పనిసరి.

1728లో లిన్నేయస్ ఉప్సాల విశ్వవిద్యాలయంలో చేరాడు. 1732లో ఒంటరిగా లాప్‌లాండ్ యాత్రకు బయలుదేరి, ఐదు నెలలపాటు చిత్తడినేలలలో, కొండలలో సంచరించాడు. ఆ ప్రయాసలో ఆయనకు సేదదీర్చినవి గులాబీ కుటుంబానికే చెందిన ఒక చిన్న మొక్క పండ్లు. ఎర్రని పూలు పూచే ఆ మొక్కను ఆయన తన గ్రంథంలో కృతజ్ఞతతో స్మరించాడు.

ఆ కాలంలో దూరదేశాల నుండి వేలకొలది మొక్కలు ఐరోపాకు చేరుతుండేవి. వాటిని గుర్తించే సులభమైన దారి లేక విద్యార్థులు తికమకపడేవారు. 1735లో హాలండ్‌లో ప్రచురించిన గ్రంథంలో లిన్నేయస్ మొక్కలను 24 తరగతులుగా విభజించాడు. పువ్వులోని కేసరాలను లెక్కిస్తే తరగతి, కీలాలను లెక్కిస్తే ఉపవిభాగం తెలుస్తాయి.

అయితే గులాబీ దగ్గర లెక్క ఒక్కటే చాలలేదు. తామరలోనూ కేసరాలు అనేకం, గులాబీలోనూ అనేకం. కేసరాలు ఎక్కడ నిలిచి ఉన్నాయో చూడవలసి వచ్చింది. తామరలో అవి పుష్పాసనం నుండి పుడతాయి. గులాబీలో రక్షకపత్రాల గిన్నె అంచును అంటిపెట్టుకొని ఉంటాయి. ఇరవై, అంతకు మించిన కేసరాలు ఈ విధంగా అమరిన పువ్వులకు ఆయన ప్రత్యేకంగా ఒక తరగతి నిర్ణయించాడు. అడవి గులాబీని చూస్తే ఈ అమరిక స్పష్టంగా కనిపిస్తుంది. ఐదే ఆకర్షకపత్రాలు, నడుమ కేసరాల వలయం. తోటలలో పెంచే ముద్దగులాబీలో చాలా కేసరాలు రేకులుగా మారిపోతాయి కాబట్టి, అందంలో మేటి అయినా, అది పాఠానికి పనికిరాదు.

కీలాల లెక్క పండు రూపాన్ని కూడా ముందుగానే తెలియజేస్తుంది. ప్లం, చెర్రీ, పీచ్, బాదం పువ్వులలో ఒకటే కీలం; పండులో ఒకటే టెంక. ఆపిల్ పువ్వులో కీలాలు ఐదు. పండును అడ్డంగా కోస్తే గింజల గదులు ఐదు, నక్షత్రంవలె కనిపిస్తాయి. స్ట్రాబెర్రీలో కీలాలు లెక్కకు మిక్కిలి. దాని పైన కనిపించే గింజలే అసలైన ఫలాలు. మనం తినే ఎర్రని గుజ్జు ఉబ్బిన పుష్పాసనం. ఈ పండంటే లిన్నేయస్‌కు అమితమైన ప్రీతి. తన కీళ్ళనొప్పులు దానివల్లనే తగ్గాయని ఆయన విశ్వసించాడు.

1741లో ఆయన ఉప్సాలలో ఆచార్యుడయ్యాడు. శిష్యులను పొలాల వెంట తిప్పి మొక్కలు చూపేవాడు. సాయంకాలం వారు బాకాలు ఊదుతూ, భేరీలు మ్రోగిస్తూ ఊరేగింపుగా నగరానికి తిరిగివచ్చేవారు. ఆయన శిష్యుడైన కొనిగ్ మన దేశానికి వచ్చి, మొక్కలు సేకరించి, 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో మరణించాడు.

లిన్నేయస్ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. జామ, దానిమ్మ, చివరకు నాగజెముడు కూడా గులాబీ తరగతిలో చేరాయి. నాలుగే కేసరాలున్న ఆల్కెమిల్లా గులాబీకి బంధువైనా వేరే తరగతికి పోయింది. ఇది గుర్తింపునకు పనికివచ్చే ఏర్పాటే గాని ప్రకృతి క్రమం కాదని ఆయనకు తెలుసు. అందుకే 1751 నాటి గ్రంథంలో సహజమైన గుంపుల పట్టికను కూడా చేర్చాడు. అందులో గులాబీ, స్ట్రాబెర్రీ ఒక గుంపు, ఆపిల్ మరొకటి, టెంకపండ్లు వేరొకటి. గులాబీ జాతుల విషయంలోనైతే ఆయన ఇంకా వినయంగా మాట్లాడాడు. కొన్నింటిని మాత్రమే చూసినవారు సులభంగా వేరు చేయగలరనీ, అనేకం పరీక్షించినవారికే అది కష్టమనీ అంగీకరించాడు. సృష్టికి పేర్లు పెట్టడానికి పూనుకొన్న మనిషి నోట ఈ మాట రావడం గమనించదగినది.

1774లో ఆయన పక్షవాతానికి గురయ్యాడు. 1778 జనవరి 10న ఉప్సాలలో కన్నుమూశాడు. ఆ మూడు గుంపులనూ ఫ్రాన్సుకు చెందిన ఆంత్వాన్ లోరాన్ ద జ్యూసియు 1789లో ఒకే కుటుంబంగా కూర్చాడు. జామ, దానిమ్మ అందులో లేవు, ఆల్కెమిల్లా చేరింది. ఐరోపా అడవి గులాబీకి లిన్నేయస్ 1753లో పెట్టిన రోజా కెనైనా అనే పేరు నేటికీ నిలిచి ఉంది. దాని దగ్గరి బంధువుల మధ్య హద్దులు ఎక్కడ గీయాలన్న వాదం మాత్రం ఇంకా ముగియలేదు.