గాజు పలక నుంచి ఫిల్ము దాకా: జార్జి ఈస్ట్‌మన్

పాత ఫిల్ము కెమేరాతో ఫొటో తీయడం నేర్చుకున్నవారికి మూడు లెక్కలు జీవితాంతం జ్ఞాపకం ఉంటాయి. కటకం రంధ్రం ఎంత తెరువవలె, షట్టరు ఎంతసేపు తెరచి ఉంచవలె, ఎదుటి వస్తువు ఎన్ని అడుగుల దూరంలో ఉన్నది. ఈ మూడింటినీ చేతితో తిప్పి సరిచూచుకొన్న తరువాతనే మీట నొక్కవలె. చుట్టలో ఉండేవి పన్నెండు బొమ్మలో, ముప్పది ఆరు బొమ్మలో. పొరపాటు జరిగినదని తెలిసేది ఫిల్ము కడిగిన పిమ్మటనే. ఈ వ్యాసరచయిత తీసిన మొదటి చుట్టలో మనిషిని గుర్తుపట్టదగిన బొమ్మ ఒక్కటే వచ్చినది. అంతకన్న కష్టమైన విద్య లోకంలో లేదని ఆనాడు అనిపించినది. కాని ఆ ఫిల్మును మనకిచ్చినవాడు తాను నేర్చుకొన్న రోజుల్లో పడిన పాట్లు తెలిసిన తరువాత ఆ మాట పైకి అనడానికి సిగ్గు కలిగినది.

అతడు జార్జి ఈస్ట్‌మన్. 1854 జూలై 12న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని వాటర్‌విల్ అనే గ్రామంలో జన్మించినాడు. తండ్రి రోచెస్టర్ పట్టణంలో వాణిజ్య విద్యాలయం నడిపేవాడు. 1862లో ఆ తండ్రి మరణించేనాటికి బాలునికి ఎనిమిదేండ్లు నిండలేదు. తల్లి మరియా ఇంట్లో అద్దెకు మనుషులను పెట్టుకొని, వారికి వండిపెట్టి సంసారం ఈదినది. ఇద్దరు అక్కలలో ఒకామె చిన్ననాటనే కాళ్లు పడిపోయి చక్రాల కుర్చీకి పరిమితమైనది. ఈస్ట్‌మన్ చిన్నతనంలోనే ఆమె కన్నుమూసినది. అప్పటికే అతడు చదువు మానినాడు. పదునాలుగవ ఏటనే ఒక భీమా కచేరీలో వారానికి మూడు డాలర్ల జీతం మీద నౌకరుగా చేరినాడు. రాత్రులు ఇంట్లో కూర్చుండి జమాఖర్చుల విద్య తనంతట తాను అభ్యసించినాడు. 1874లో రోచెస్టర్‌లో ఒక బ్యాంకులో గుమాస్తా పని దొరికినది. వారానికి జీతం పదునైదు డాలర్లకు పెరిగినది. బడిలో అతని పేరు ఎవరికీ పట్టి ఉండదు. ఉపాధ్యాయులు ఆశపెట్టుకొనే విద్యార్థులలోని వాడు కాడు. కాని లెక్క తప్పనివ్వని పట్టుదల, రాత్రివేళ చదువు, ఈ రెండూ ఆ పదేండ్లలో అతనికి అలవడినవి. మున్ముందు పనికివచ్చినవి అవే.

1877లో అతనికి సెలవులలో శాంటో డొమింగో దీవికి పోవలెనన్న కోరిక పుట్టినది. అక్కడి దృశ్యాలను ఛాయాచిత్రాలుగా తీసుకొని రావలసినదని బ్యాంకులో తోటి ఉద్యోగి ఒకడు సలహా చెప్పినాడు. ఈస్ట్‌మన్ 94 డాలర్లు పోసి సామగ్రి అంతా కొన్నాడు. బ్యాంకులో చేరినప్పటి జీతంతో లెక్కిస్తే అది ఆరు వారాల కష్టార్జితం. ప్రయాణం మాత్రం జరుగలేదు. ఆ సామగ్రి అతని మనస్సును పూర్తిగా ఆక్రమించినది.

ఆ సామగ్రి ఏమిటో పాఠకులు తెలుసుకోవలె. సబ్బుల పెట్టె అంత కెమేరా, దానిని నిలబెట్టడానికి బరువైన ముక్కాలిపీట, గాజు పలకలు, మందుల సీసాలు, తొట్లు, నీళ్ల కూజా. వీటన్నిటికి తోడు ఆరుబయట చీకటిగదిగా వేసుకోవడానికి ఒక గుడారం. ఇంగ్లండులో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ 1851లో ప్రకటించిన తడిపలక పద్ధతి అప్పటికీ వాడుకలో ఉన్నది. శుభ్రంగా తుడిచిన గాజు మీద కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని పోసి, నాలుగు మూలలకూ సమంగా పారేటట్లు పలకను వంచవలె. ఎక్కడ మందమైనా, ఎక్కడ బుడగ నిలిచినా బొమ్మ చెడిపోతుంది. తరువాత గుడారంలో దూరి ఆ పలకను సిల్వర్ నైట్రేటు ద్రావకంలో ముంచవలె. వెలుతురు సోకే లక్షణం దానికి అప్పుడే కలుగుతుంది. ఆ తడి ఆరకముందే కెమేరాలో పెట్టి బొమ్మ తీయవలె, ఆరకముందే గుడారంలోకి పరుగెత్తి కడుగవలె. పది పదిహేను నిమిషాలు మించితే శ్రమ అంతా వ్యర్థం. నెమ్మదిగా ఆలోచించి తప్పు దిద్దుకొనే వ్యవధి లేదు.

ఇది పుస్తకం చూచి నేర్చుకొనే విద్య కాదని ఈస్ట్‌మన్ గ్రహించినాడు. రోచెస్టర్‌లో వృత్తిగా ఫొటోలు తీసే జార్జి మన్రో దగ్గర అయిదు డాలర్లు ఇచ్చి పాఠాలు చెప్పించుకొన్నాడు. ఒకమారు సెలవులకు మెకినా దీవికి పోయినాడు. అక్కడ సహజంగా ఏర్పడిన రాతి తోరణం ఒకటి ఉన్నది, యాత్రికులు దానిని చూడడానికి వస్తారు. సిల్వర్ నైట్రేటు సీసా పగులకుండా ఉండవలెనని లోదుస్తులలో చుట్టి పెట్టెలో పెట్టుకొన్నాడు. సీసా కారి బట్టలన్నీ పాడైనవి. ఆ మందు మరక నల్లబడితే చాకిరేవుకు లొంగేది కాదు. తోరణం ఎదుట అతడు గుడారం వేసి, పలక తడిపి, కెమేరా సర్దుతూ ఉంటే యాత్రికులు కొందరు అతనిని వృత్తి ఫొటోగ్రాఫరని భ్రమించి తోరణం దగ్గర వరుసగా నిలబడినారు. బొమ్మ తీసినాడు. ఒకడు దగ్గరకు వచ్చి బొమ్మ ధర అడిగినాడు. తాను సరదాకు తీసేవాడనని, అమ్మేవాడు కాడనని ఈస్ట్‌మన్ చెప్పవలసి వచ్చినది. అరగంటసేపు మండుటెండలో తమను ఊరక నిలబెట్టినాడని ఆ పెద్దమనిషికి కోపం వచ్చినది. ఈ కథ నవ్వు పుట్టించేదే. కాని ఒక్క బొమ్మకు అరగంట పట్టడం ఏమిటన్న ప్రశ్న మాత్రం ఈస్ట్‌మన్ మనస్సులో నాటుకొన్నది.

సమాధానం ఇంగ్లండు నుంచి వచ్చే ఫొటోగ్రఫీ పత్రికలలో దొరికినది. కొలోడియన్‌కు బదులు జెలటిన్‌లో వెండి లవణాన్ని కలిపి గాజు మీద పూస్తే ఎండిన తరువాత కూడ పలక పనిచేస్తుందని రిచర్డ్ మాడక్స్ అనే వైద్యుడు 1871లో చూపినాడు. ఆ మిశ్రమాన్ని వేడిలో కొంతకాలం పండనిస్తే దాని చురుకుదనం ఎన్నో రెట్లు పెరుగుతుందని 1878లో చార్లెస్ బెనెట్ ప్రకటించినాడు. ఈస్ట్‌మన్ పగలు బ్యాంకులో లెక్కలు వ్రాసి, రాత్రి తల్లి వంటింట్లో జెలటిన్ కాచినాడు. అలసిపోయి పొయ్యి పక్కనే నేలమీద కట్టుబట్టలతో నిద్రపోయిన రాత్రులు అనేకం. తన కొరకు మొదలుపెట్టిన ఈ పనిలో ఇతరులకు అమ్మదగిన సరకున్నదని త్వరలోనే అతనికి తోచినది. పలకల మీద ఎమల్షన్‌ను సమంగా పూసే యంత్రం ఒకటి కల్పించి, 1879లో లండను వెళ్లి దానికి పేటెంటు సంపాదించినాడు. తల్లి ఇంట్లో అద్దెకు ఉండిన హెన్రీ స్ట్రాంగ్ గుర్రపుబండి కొరడాలు తయారుచేసే వర్తకుడు. 1881 జనవరిలో అతడు పెట్టుబడి పెట్టి భాగస్వామి అయినాడు. ఆ సెప్టెంబరులో ఈస్ట్‌మన్ బ్యాంకు పని వదలినాడు.

ఆపై సంవత్సరమే పెద్ద దెబ్బ తగిలినది. దుకాణాలలో నిలువ ఉన్న పలకలు చురుకుదనం కోల్పోయినట్లు ఫిర్యాదులు వచ్చినవి. ఈస్ట్‌మన్ వాటిని తిరిగి తీసుకొని కొత్తవి ఇచ్చినాడు. చేతిలో ఉన్న డబ్బు దానితోనే సరి. ఇంతలో కొత్తగా చేసిన పలకలు కూడ బొమ్మ పట్టడం మానివేసినవి. అదే సూత్రం, అవే మందులు, అదే యంత్రం. ఫలితం మాత్రం శూన్యం. కర్మాగారం ఆపి వందలకొద్ది ప్రయోగాలు చేసినా కారణం దొరకలేదు. ఈస్ట్‌మన్, స్ట్రాంగ్ ఇద్దరూ ఓడ ఎక్కి ఇంగ్లండులోని న్యూకాజిల్ పట్టణానికి పోయినారు. విద్యుద్దీపం కనిపెట్టినవారిలో ఒకడైన జోసెఫ్ స్వాన్ భాగస్వామిగా ఉన్న ఎండుపలకల కంపెనీ అక్కడ ఉన్నది. దోషం తమ సూత్రంలో కాదు, కొన్న జెలటిన్‌లో ఉన్నదని అక్కడ తేలినది. మంచి జెలటిన్ తెచ్చి మళ్లీ పని సాగించినాడు. ముడి సరకు ఏది వచ్చినా ముందు పరీక్షింపక వాడరాదన్న నియమం ఆనాటి నుంచి పెట్టుకొన్నాడు.

ఒక జెలటిన్‌కు, మరొక జెలటిన్‌కు భేదం ఎందుకు వచ్చినదన్న రహస్యం మరి నలుబదేండ్లకు గాని బయటపడలేదు. సైన్సు ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగిన విషయమిది. జెలటిన్ పశువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. ఈస్ట్‌మన్ స్థాపించిన పరిశోధనాలయంలో శామ్యూల్ షెప్పర్డ్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు దానిని శోధించి, ఆవ జాతి మొక్కలు మేసిన పశువుల నుంచి వచ్చిన జెలటిన్‌లో గంధకం కలిగిన పదార్థం లేశమాత్రం ఉంటుందని, వెండి లవణానికి చురుకుదనం ఇచ్చేది అదేనని 1925 ప్రాంతంలో ప్రకటించినాడు. మన పోపుల పెట్టెలోని ఆవాల ఘాటు ఆ జాతిదే. ఇంతటి పరిశ్రమ ఒకప్పుడు గోవు మేసిన గడ్డి మీద ఆధారపడి నిలిచినదంటే ఆశ్చర్యం కాదా?

గాజు బరువు, పగులుతుంది. దానిని కూడ తొలగించవలెనన్నది తరువాతి యత్నం. 1885 నాటికి విలియం వాకర్ తోడ్పాటుతో కాగితం మీద ఎమల్షన్ పూసి చుట్టగా చుట్టే ఏర్పాటు చేసినాడు. వృత్తిలో ఉన్నవారు దానిని ఆదరించలేదు. గాజు మీద వచ్చేటంత స్వచ్ఛమైన బొమ్మ కాగితం మీద రాదన్నది వారి ఆక్షేపణ, అది నిజమే. అప్పుడు ఈస్ట్‌మన్ ఫొటోగ్రాఫర్లను విడిచి, ఫొటో తీయడం బొత్తిగా రానివారి వైపు తిరిగినాడు. 1888లో కొడాక్ అనే పెట్టె కెమేరా వెలువడినది. ఆ పేరుకు ఏ భాషలోను అర్థం లేదు. కె అనే అక్షరం మీది ఇష్టంతో అతడు కల్పించుకొన్న మాట. ధర 25 డాలర్లు. లోపల నూరు బొమ్మలకు సరిపడే చుట్ట. ఆ బొమ్మలు రెండున్నర అంగుళాల వ్యాసం గల వృత్తాలు. రంధ్రం ఒకటే, వేగం ఒకటే, దూరం సరిచూడవలసిన పని లేదు. నేను మొదట చెప్పిన మూడు లెక్కలనూ అతడు ఒక్కసారిగా కొట్టివేసినాడు. దారం లాగి, మీట నొక్కి, చుట్ట తిప్పడమే మిగిలిన పని. నూరూ అయిన తరువాత కెమేరానే రోచెస్టర్‌కు పంపితే పది డాలర్లకు బొమ్మలు తయారుచేసి, కొత్త చుట్ట వేసి తిరిగి పంపేవారు. మరుసటి ఏడు అతని రసాయనశాస్త్రజ్ఞుడు హెన్రీ రైఖెన్‌బాక్ నైట్రో సెల్యులోజుతో పారదర్శకమైన ఫిల్మును సిద్ధం చేసినాడు.

ఇక్కడ ఒక మచ్చను దాచడం తగదు. అటువంటి ఫిల్ముకే హానిబల్ గుడ్విన్ అనే క్రైస్తవ మతగురువు 1887లోనే పేటెంటుకు దరఖాస్తు పెట్టుకొన్నాడు. అది మంజూరయ్యేసరికి 1898 వచ్చినది. 1900లో అతడు మరణించినాడు. అతని హక్కు పొందినవారు దావా వేసి గెలిచినారు. 1914లో ఈస్ట్‌మన్ కంపెనీ 50 లక్షల డాలర్లు చెల్లించి రాజీ చేసుకొన్నది. ఫిల్ము కీర్తిలో ఆ వృద్ధుని భాగం చరిత్ర అతనికి ఆలస్యంగా ఇచ్చినది. బ్రతికి ఉండగా అందినది బహు తక్కువ.

1900లో ఒక్క డాలరుకే బ్రౌనీ అనే కెమేరా వచ్చినది. బడిపిల్లలు కూడ ఫొటోలు తీయసాగినారు. కష్టపడి నేర్చినవాడే ఇతరులకు నేర్చుకొనే అవసరం లేకుండ చేసినాడు కదా, ఇది విద్యకు మేలా కీడా అని ఉపాధ్యాయులు అడుగవచ్చు. నేను మేలనే అంటాను. కారణం ఫిల్ము తరువాతి నడకలో ఉన్నది. ఎడిసన్ దగ్గర పనిచేసిన డిక్సన్ ఈస్ట్‌మన్ ఫిల్మును 35 మిల్లీమీటర్ల వెడల్పున చీల్చి చలనచిత్రాలకు వాడినాడు. ఆ సినిమా ఫిల్ముతోనే జర్మనీలో ఆస్కార్ బార్నాక్ చిన్న కెమేరా ఒకటి నిర్మించినాడు. 1925లో లైకా పేరుతో అది అంగడికి వచ్చినది. రంధ్రం, వేగం, దూరం మూడూ మళ్లీ మనిషి చేతికి వచ్చినవి. నేర్వనివారి కొరకు పుట్టిన ఫిల్ము మీదనే తరువాతి మూడు తరాలవారు ఆ విద్య నేర్చినారు. ఈ సారి గుడారం లేదు, పది నిమిషాల గడువు లేదు. తప్పు చేసినవాడు తన నెగెటివును తీరికగా వెలుతురులో పట్టి చూచుకొని, రెండవ చుట్టలో దిద్దుకోగలిగినాడు.

ఈస్ట్‌మన్ వివాహం చేసుకోలేదు. తల్లి 1907లో మరణించే వరకు ఆమెయే అతని కుటుంబం. సంపాదించినది విరివిగా ఇచ్చివేసినాడు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయానికి స్మిత్ అనే మారుపేరుతో దాదాపు రెండు కోట్ల డాలర్లు ఇచ్చిన దాత ఎవరో 1920 వరకు లోకానికి తెలియదు. పదునాలుగవ ఏట చదువు మానినవాడు ఈ దానం చేసినాడని ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. సంగీత విద్యాలయం, పిల్లల దంతవైద్యశాలలు అతడు నెలకొల్పినవి. కర్మాగారంలో పనివారికి లాభంలో భాగం ఇచ్చే పద్ధతి 1912లో మొదలుపెట్టినాడు. చివరి సంవత్సరాలలో వెన్నెముక వ్యాధి నడకను హరించినది. అక్కవలె చక్రాల కుర్చీ తనకూ తప్పదని తెలిసిన ఆ మనిషి 1932 మార్చి 14న, 77వ ఏట, తన ప్రాణం తానే తీసుకొన్నాడు. అతని కంపెనీ 2012లో దివాలా చట్టం రక్షణ కోరవలసి వచ్చినది. తెర మీద బొమ్మ చూపే కొత్త కెమేరా దానికి కారణం. అటువంటి కెమేరాను 1975లో మొదట నిర్మించినది ఆ కంపెనీ ఇంజనీరే.

రోచెస్టర్‌లో అతడు నివసించిన ఇల్లు 1949 నుంచి ఫొటోగ్రఫీ మ్యూజియంగా ఉన్నది. కోట్లాది మనుషుల బొమ్మలకు కారకుడైనవాడు తన బొమ్మ తీయించుకోవడానికి మాత్రం బిడియపడేవాడు. అయినా ఒక బొమ్మ మిగిలినది. 1890 ఫిబ్రవరిలో గాలియా అనే ఓడ మీద పోతూ ఉండగా ఫ్రెడరిక్ చర్చ్ అనే మిత్రుడు కొడాక్‌తో తీసినది. గుండ్రని చిన్న బొమ్మ. వెనుక ఓడ పైతట్టు, మనుషులు. నడుమ ముప్పదియైదేండ్ల ఈస్ట్‌మన్ టోపీ పెట్టుకొని, మరొక కొడాక్‌ను రెండు చేతులా పట్టుకొని నిలబడి ఉన్నాడు.